ఒకే పేరున్న పోగు

నా చిన్నప్పుడు, ఒడ్డున చేపలు పంచే వేళకు, మా పాలెం మొత్తంలో అందరికంటే ముఖ్యమైనవాణ్ణి నేనే అనుకునేవాణ్ణి. మాది బందరుకు ఆవల, కృష్ణ సముద్రంలో కలిసే వైపు, ఉప్పునేలల మధ్య ఉన్న చిన్న పల్లెపాలెం. వేటకు వెళ్లిన పడవ తిరిగొచ్చాక అమ్మకానికి పోయేది పోగా, కూరకు మిగిలిన చేపను ఇళ్లవారీగా పంచుకునేవారు. ఆ పంపకం చేసేది మా తాతయ్య. తడి ఇసుక మీద పోగులు వేసి, ఒకదానిలోంచి ఒక చేప తీసి ఇంకోదానిలో వేసి, దూరం నుంచి చూసి, మళ్లీ సర్ది, చివరికి నన్ను పిలిచేవాడు. నేను పోగులకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడాలి. వెనక ఆయన చేతికర్రను ఒక పోగు మీద ఆనించి, "ఇది ఎవరిది?" అని అడిగేవాడు. చూడకుండా నేను ఒక ఇంటి పేరు చెప్పేవాణ్ణి. ఆ పోగు ఆ ఇంటిది. ఇక దాని మీద ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఆ పోగుల్లో జ్వరం వచ్చి వేటకు రాలేనివాడికీ ఒకటి ఉండేది. మా తాతయ్య దాన్నే ముందు వేసేవాడు. ఎవరైనా గొణిగితే, "రేపు నువ్వు పడుకుంటావు, అప్పుడు నీకు నేను ఏం చెప్పాలి?" అనేవాడు. ఆయన పెట్టిన పోగులో తేడా ఉందన్న మాట నేనెప్పుడూ వినలేదు. మా పాలెంలో మంచితనం అంటే అదే. దొరికింది పంచుకోవడం. మాకు తెలిసిన న్యాయం అదొక్కటే, అందుకే దాన్ని వాడకూడని చోట కూడా వాడాం.

ఆ ఏడు వానాకాలంలో మా అక్కకు నెమ్ము చేసింది. నాకంటే పెద్దది, ఎప్పుడూ నా జుట్టు పట్టుకుని లాగే మనిషి, చాప మీద గోడకు తిరిగి పడుకుని పిల్లికూతల్లాగా ఊపిరి తీసేది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయేది. నాన్న వేటలో ఉన్నాడు. తాతయ్యే దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కి బందరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో కాగితం పొట్లం ఉంది. లోపల మెరుస్తున్న గొట్టం మాత్రలు, సగం ఎరుపు, సగం పసుపు. అలాంటివి మా పాలెంలో ఎవరూ చూసి ఉండరు. ఇప్పుడు ప్రతి మందుల షాపులోనూ దొరికే అమాక్సిసిలిన్ ఉంది కదా, దానికి అన్నలాంటి మందు అది, పెన్సిలిన్ కుటుంబంలోది. అప్పుడు నాకు ఆ పేర్లు తెలియవు. సొరచేప కన్నులా మెరుస్తున్నాయని మాత్రం అనుకున్నాను.

జ్వరం తగ్గినా సరే, ఉన్నవన్నీ వేళ తప్పకుండా వేయమని డాక్టరమ్మ చెప్పిందట. తాతయ్య ఆ మాట మా అమ్మకు చెప్పాడు కూడా. కొద్దిరోజుల్లోనే అక్క లేచి కూర్చుంది. గోంగూర, ఎండురొయ్యలు కావాలని అడిగింది. నా జుట్టు పట్టుకు లాగింది. ఇంట్లో అందరం పండగ వచ్చినట్టు నవ్వుకున్నాం. పొట్లంలో ఇంకా సగం మాత్రలు మిగిలే ఉన్నాయి.

అప్పుడే పక్కింటి పిన్ని ముక్కు చీదుకుంటూ, దగ్గుకుంటూ వచ్చింది. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఉప్పు అడగడానికి వచ్చి పూటంతా కూర్చుని వెళ్లే మనిషి. మా తాతయ్యను మావయ్యా అని పిలిచేది. "పిల్లని లేపి కూర్చోబెట్టిన మందు మావయ్యా, నా దగ్గొక లెక్కా దానికి? ఒక రెండు ఇటు పడెయ్యి" అంది. మా పడవలో తెడ్డు వేసే ఒకాయనకు కాలి పుండు మానడం లేదు. ఆయన కూడా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. తాతయ్య అక్క వైపు చూశాడు. అది అరుగు మీద కాళ్లూపుకుంటూ కూర్చుని ఉంది. ఆయన నేల మీద తువ్వాలు పరిచాడు. మాత్రలు కుమ్మరించాడు. పోగులు వేయడం మొదలుపెట్టాడు.

ఒక పోగు అక్కకి. ఒకటి పిన్నికి. ఒకటి కాలి పుండాయనకి.

నేను చూస్తూ నిలబడ్డాను. ప్రతి పంపకంలోనూ మా ఇంటి పోగును నేనే ఎత్తుకొచ్చేవాణ్ణి. ఇంత అందమైన వస్తువు పంచుతుంటే అందులో నాకేమీ లేకపోవడం అన్యాయంగా అనిపించింది. దగ్గాను. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకాస్త గట్టిగా, గుండె పట్టుకుని దగ్గాను.

పిన్ని పకపకా నవ్వింది. "ఏరా, ఇప్పటిదాకా ఏరు కలిసే మొగలో ఈదులాడి వచ్చావు. మాత్రలు కనబడగానే నీకూ వచ్చిందా రోగం?"

తాతయ్య నా వైపు చాలాసేపు చూశాడు. మూడు పోగుల్లోంచి తలా ఒకటి తీసి నాలుగో పోగు వేశాడు. తర్వాత, అలవాటు ప్రకారం, నన్ను గోడ వైపు తిరగమన్నాడు. "ఇది ఎవరిది?" అని అడిగాడు. నేను పేర్లు చెప్పాను. నా పేరు చివర చెప్పాను.

ఆ మాత్రలు నేను మింగలేదు. మింగడానికి కాదుగా దగ్గింది. చొక్కా జేబులో వేసుకుని, పిల్లలకు చూపించుకుంటూ తిరిగాను. ఎండలో పట్టుకుంటే లోపలి పొడి కనిపించేది. ఊపితే చప్పుడు చేసేది. చేప ఎప్పుడూ ఇవ్వని గొప్పతనం ఆ మాత్రలు నాకు ఇచ్చాయి.

అక్క పోగు త్వరగానే అయిపోయింది. తర్వాత కొన్నాళ్లు బాగానే ఉంది. ఒక ఉదయం అన్నం ముందు కూర్చుని కంచం పక్కకు తోసేసింది. అమ్మ దాని నుదుటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. ఎండ ఎక్కేసరికి ఆ పిల్లికూతలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి ముందుకంటే ఘోరంగా. పెదాలు నీలిరంగుకు తిరుగుతున్నాయి. తాతయ్య దాన్ని భుజాన వేసుకుని గుమ్మం దాటుతుండగా పక్కింట్లోంచి కేక వినిపించింది. పిన్ని తన వాటాను ఇన్నాళ్లూ ఉట్టి మీద దాచుకుని, ఆ పొద్దున దగ్గు ఎక్కువైందని ఒకటి మింగిందట. ఒళ్లంతా చెయ్యి వెడల్పున దద్దుర్లు. కళ్లు మూసుకుపోయాయి. పెదవి తేనెటీగ కుట్టినట్టు ఉబ్బింది. గొంతులో ఏదో బిగుస్తోందని సైగ చేసి చూపిస్తోంది.

ఇద్దరినీ ఒకే ఎడ్లబండి మీద రోడ్డెక్కించి, ఎదురొచ్చిన లారీని ఆపి బందరు తీసుకెళ్లాం. నన్ను రావద్దన్నారు. నేను బండి వెనక పరిగెత్తి, లారీ కదిలేలోపు ఎక్కేశాను. జేబులో ఆ మాత్రలు అలాగే ఉన్నాయి.

డాక్టరమ్మ ముందు పిన్నికి సూది వేసింది, ఊపిరి తేలికయ్యేదాకా పక్కనే నిలబడింది. అక్కను లోపలికి తీసుకెళ్లారు. నేను వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ బయటికి వచ్చి, "ఈ అమ్మాయికి నేనిచ్చిన మందు పూర్తిగా వేశారా తాతగారూ?" అని అడిగింది.

తాతయ్య తల పైకెత్తి, దాచకుండా, కొంచెం గర్వంగానే చెప్పాడు. "పిల్ల లేచి కూర్చుందమ్మగారూ. మిగిలినయ్యి అవసరమున్నోళ్లకి పంచాం. మా దగ్గర ఏదొచ్చినా అంతేనండి, ఒక్కళ్లమే తినం."

ఆవిడ కేకలేస్తుందని నేను అనుకున్నాను. ఆవిడ కేకలేయలేదు. వచ్చి తాతయ్య పక్కన బల్ల మీద కూర్చుంది. ఆ రోజు ఆవిడ చెప్పిన మాటలు తర్వాత తాతయ్య నోట చాలాసార్లు విన్నాను. అందుకే ఇప్పటికీ చెప్పగలను.

జబ్బు చేసే క్రిమి తన చుట్టూ తానే గోడ కట్టుకుని బతుకుతుందట. అది పెరిగేకొద్దీ, ఒకటి రెండయ్యేకొద్దీ, ఆ గోడను కొత్తగా కట్టుకుంటూ ఉండాలట. ఈ మందు క్రిమిని కొట్టి చంపదు. ఆ గోడ కట్టుకోనివ్వదు. గోడ గట్టిగా లేకపోతే లోపలికి నీళ్లు లాక్కుని క్రిమి తనంతట తానే పగిలిపోతుంది. మన ఒంటికి అలాంటి గోడలు లేవు కాబట్టి మందు మన జోలికి రాదు.

తాతయ్య అందుకున్నాడు. "కట్ట వేసుకునేవాడికి మన్ను అందకుండా చేసినట్టు" అన్నాడు.

"అంతే. అందుకే వేళకు వేయమన్నాను. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. మధ్యలో ఖాళీ ఇచ్చారనుకోండి..."

"సముద్రం పోటెక్కి మళ్లీ పాటు తీసేలోగా మన్నేసుకుంటారు."

"వేసుకుంటారు. మీ పిల్లకి జ్వరం తగ్గిన రోజుకి బలహీనమైన క్రిములు పోయాయి. మొండివి మిగిలాయి. మిగిలిన సగం మందు వాటికోసమే. దాన్ని మీరు పంచేశారు. అవి మళ్లీ గోడలు కట్టుకున్నాయి. ఇట్లా తప్పించుకున్నవి కొన్నాళ్లకి మందుకే లొంగకుండా పోతాయి."

పిన్ని లోపలి మంచం మీద నుంచే, వాచిన పెదవితో, "నా దగ్గుకి ఇది పనిచెయ్యదా అండీ మరి?" అంది. జలుబు, దగ్గు ఎక్కువగా వేరే రకం జీవుల వల్ల వస్తాయని, వాటికి ఆ గోడే ఉండదని, లేని గోడను ఈ మందు ఏం ఆపుతుందని డాక్టరమ్మ చెప్పింది. తర్వాత పిన్నినే అడిగింది. ఇంతకుముందు ఏ మందైనా పడకపోవడం ఉందా అని. కాన్పప్పుడు ఏదో సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని, దోమలు కుట్టాయని ఊరుకున్నానని పిన్ని చెప్పింది. "ఇకమీదట ఏ డాక్టరు దగ్గరికెళ్లినా నీ రోగం చెప్పే ముందు ఈ మాట చెప్పు. ఇంకోసారైతే బందరు దాకా రాలేకపోవచ్చు" అంది డాక్టరమ్మ. పిన్ని ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆ తర్వాత గాజులమ్మేవాడికి కూడా తనకు పెన్సిలిన్ పడదని చెప్పేది.

అక్క సంగతి తాతయ్య అడగలేకపోయాడు. డాక్టరమ్మే చెప్పింది. ఈసారి సూదులతో మొదలుపెట్టాలని, జబ్బు ఊపిరితిత్తుల్లోకి బాగా దిగిందని, రేపటిదాకా ఏ మాటా చెప్పలేనని.

ఆవిడ లోపలికి వెళ్లిపోయాక వరండాలో ఇద్దరమే మిగిలాం. ఇక నావల్ల కాలేదు. జేబులోంచి ఆ మాత్రలు తీసి తాతయ్య చేతిలో పెట్టాను. చెమటకు, ఉప్పుగాలికి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎరుపు రంగు నా వేళ్లకు అంటింది. ఏదో చెప్పబోయాను. ఏడుపు వచ్చేసింది. "ఇవి అక్కకి ఇచ్చెయ్ తాతయ్యా, నాకు దగ్గు రాలేదు" అన్నాను.

ఆయన వాటిని రెండో అరచేతిలోకి మార్చుకున్నాడు. "నీకు దగ్గు లేదని నాకు అప్పుడే తెలుసురా" అన్నాడు. "అందరికీ వేసి నీకు లేదనడం చేతగాలేదు. నువ్వు పిల్లోడివి. నేను ముసలోణ్ణి. డాక్టరమ్మగారి మాట నా చెవిన పడింది, నీ చెవిన పడలేదు. ఇది నా లెక్కలో వెయ్యి." తర్వాత కండువాతో నా వేళ్ల ఎరుపు తుడిచాడు. ఆ మాత్రలు డాక్టరమ్మకు చూపిస్తే, అవి ఇక ఎవరికీ పనికిరావని తీసి పక్కన పడేయించింది.

తెల్లారి అక్క కళ్లు తెరిచింది. ఊపిరి కుదుటపడటానికి ఇంకా రోజులు పట్టింది. తర్వాత ఇంటికి పంపిస్తూ మళ్లీ ఆ ఎర్ర, పసుపు మాత్రల పొట్లం ఇచ్చారు. ఈసారి తాతయ్య తిరిగి తిరిగి అడిగాడు. ఒక పూట మరిచిపోతే రెండు కలిపి వేయొచ్చా? వద్దు. గుర్తుకు రాగానే వేయాలి. తర్వాతి మాత్రకు వేళ దగ్గరపడితే మాత్రం పోయింది పోయిందనుకుని ఒక్కటే వేయాలి. కడుపు కదిలితే? కొంచెం విరేచనం, వికారం ఉండొచ్చు. నీళ్లలా ఆగకుండా అయితే తీసుకురావాలి. దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం వస్తే మందు ఆపి పరిగెత్తాలి. ఆయన ప్రతి జవాబుకీ తల ఊపి, దాన్ని మళ్లీ తన నోటితో చెప్పి, సరే అనిపించుకున్నాకే ఇంకోటి అడిగాడు.

ఇంటికి చేరాక ఆయన ఒక పని చేశాడు. తువ్వాలు పరిచాడు. మాత్రలన్నీ కుమ్మరించాడు. అమ్మ ఉలిక్కిపడింది. పిన్ని గుమ్మంలోనే ఆగిపోయి, "నాకొద్దు మావయ్యా, నీకో దణ్ణం" అంది. తాతయ్య ఒకటే పోగు వేశాడు. అన్నీ అందులోనే. నన్ను గోడ వైపు తిరగమన్నాడు. కర్ర ఆనించిన చప్పుడు వినిపించింది.

"ఇది ఎవరిది?"

"అక్కది" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం."

అప్పుడు పొట్లం కట్టి దూలానికి వేలాడదీశాడు. ఆ రోజు నుంచి అది అయిపోయేదాకా, ప్రతి మాత్రకూ నేను గోడ వైపు తిరగాలి, ఆయన అడగాలి, నేను చెప్పాలి, అప్పుడే అక్క నోరు తెరవాలి. అక్కకు బాగా తగ్గి, మింగలేనని, వద్దని పారిపోయిన రోజుల్లో కూడా ఆయన వదల్లేదు. వేటనుంచి పడవ ఆ వేళకే ఒడ్డుకు వస్తే, ముందు మాత్ర వేసి ఆ తర్వాతే ఒడ్డుకు వెళ్లాడు.

ఆ తర్వాత మొదటిసారి చేపలు పంచినరోజు ఆయన పోగులు వేసి, కర్ర ఎత్తలేదు. అందరి ముందు నిలబడి అన్నాడు. "చేప పంచుతాను. ఒళ్లు హూనమయ్యే పనైనా పంచుకుంటాను. ఒకరికిచ్చిన మందు మాత్రం ఇక పంచను. పంచి మనవరాల్ని పోగొట్టుకోబోయాను. పక్కింటామెను చంపబోయాను. తప్పు నాది." జీవితమంతా పంపకంలో తేడా రాలేదన్న పేరుతో బతికిన మనిషికి ఆ మాట ఎంత బరువో అప్పుడు నాకు తెలియదు. నా దగ్గు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇంత నేర్చుకున్నవాడు ఆ తర్వాత తప్పు చేయడనుకుంటారు. చేశాను. బెజవాడ వచ్చి చేపల వ్యాపారంలో పడ్డాక, జలుబు చేసినా గొంతు గరగరమన్నా మందుల షాపు ముందు బండి ఆపి, అమాక్సిసిలిన్ అని పేరు చెప్పి కొనుక్కునేవాణ్ణి. రెండు రోజులు వేసుకుని మిగిలినవి సొరుగులో పడేసేవాణ్ణి. మా డ్రైవరుకు జ్వరమంటే ఆ సొరుగులోంచే తీసి ఇచ్చాను. ఏమైనా పడని మందులున్నాయా అని కూడా అడగలేదు. అతనికేమీ కాలేదు. అది నా అదృష్టం, నా తెలివి కాదు. ఫోన్లో ఈ సంగతి చెబితే మా అక్క, "చిన్నప్పుడు నా మాత్రలు కొట్టేశావు, ఇప్పుడు అందరికీ పెడుతున్నావా?" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ ఊపిరి తీసుకునే చప్పుడు ఫోన్లో వినిపిస్తుంటే నేను నవ్వలేకపోయాను. ఆ సాయంత్రం సొరుగు ఖాళీ చేశాను.

మొన్న నాకు పంటి కింద చీము పట్టింది. పళ్ల డాక్టరు, ఏవైనా మందులు పడవా, ఇంకేం వాడుతున్నారు అని అడిగి, అమాక్సిసిలిన్ రాశాడు. ఎన్ని రోజులో చెప్పాడు. వాపు తగ్గగానే, నిజం చెప్పాలంటే, నా చెయ్యి మళ్లీ సొరుగు వైపే వెళ్లింది. ఇక చాల్లే, దాచుకుంటే పనికొస్తాయి అనుకున్నాను. ఇంత వయసొచ్చినా.

మా మనవరాలు పక్కనే ఉంది. కిందటి ఏడాది దానికి చెవిపోటు వచ్చి ఇదే మందు సీసాలో ఇచ్చినప్పుడు, సీసా బాగా కుదిపి, వాళ్లిచ్చిన కప్పుతో కొలిచి, మా తాతయ్య ఆట ఆడించి తాగించాను. అది మరిచిపోలేదు. నా చేతిలోని మాత్రల అట్ట లాక్కుని బల్ల మీద పెట్టింది. గిన్నెలోని గరిట తీసి దాని మీద ఆనించింది.

"తాతయ్యా, అటు తిరుగు."

తిరిగాను. నా ముందు గోడ. వెనక చిన్న గొంతు, ఆయన అడిగినట్టే, తొందర లేకుండా అడిగింది.

"ఇది ఎవరిది?"

ఆ తువ్వాలు మీది నాలుగో పోగుకు నేను నా పేరు చెప్పుకున్నాను. అది నాది కాదు. ఆ పేరు పలకడానికి నాకు ఇన్నేళ్లూ సిగ్గుగానే ఉంది. ఈసారి పోగు ఒకటే, మొత్తం నాదే. గోడకే తిరిగి నిలబడి నా పేరు చెప్పాను. ఆ తర్వాత మంచినీళ్లు అడిగి మాత్ర వేసుకున్నాను.